లింక్డ్‌ఇన్ చాలా, సొంత సైటు కావాలా?

ఒక పక్క థీసిస్, మరో పక్క గైడ్‌తో మీటింగులు. ఎం.టెక్ వాళ్లకి వారానికి ఒక గంట మిగలడమే గొప్ప. ఉద్యోగం ఇచ్చేవాళ్లకి మన పని కనబడాలంటే ఆ గంట దేనికి పెట్టాలి, లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌కా, సొంత సైటుకా?

లింక్డ్‌ఇన్ పని తొందరగా తెములుతుంది. తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేలోపు ఫోన్‌లోనే ప్రొఫైల్ సరిచేసుకోవచ్చు (సీటు దొరికితే!). హెచ్‌ఆర్ వాళ్లు ఎక్కువగా వెతికేదీ అక్కడే. పేరు కింద హెడ్‌లైన్‌కి 220 అక్షరాల చోటుంటే, చాలామంది "స్టూడెంట్" అని రాసి ఊరుకుంటారు. "తెలుగు చేతిరాతను గుర్తించే మోడల్ మీద పని చేస్తున్నాను" అని రాస్తే చూసేవాళ్లు కాస్త ఆగుతారు. చిక్కల్లా, అక్కడ అందరి పేజీలూ ఒకే అచ్చు.

కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లోనే సైట్లు పెట్టుకునే సదుపాయం గిట్‌హబ్ పేజెస్. అందులో సొంత సైటు ఉచితమే, డొమైన్ కొనక్కర్లేదు. ఉచిత ఖాతా అయితే రెపో (సైటు ఫైళ్లుండే ఫోల్డరు) పబ్లిక్‌గా ఉండాలి, సైటు 1 జీబీ దాటకూడదు. మొదటిసారి ఒక ఆదివారాన్ని మింగేస్తుంది. కానీ పని విప్పి చూపించాలంటే ఇదే చోటు. మా స్నేహితుడొకడు పన్నెండు ప్రాజెక్టులు కుప్పపోశాడు, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మూడే ఉంచి, ఒక్కోదానికి సమస్య ఏమిటో, తను చేసిందేమిటో, ఎక్కడ దెబ్బతిన్నాడో నాలుగేసి ముక్కలు రాశాడు. ఇంటర్వ్యూలో అరగంట ఆ దెబ్బతిన్న చోటు గురించే మాట్లాడించారట.

నా ఓటు ఈ వారానికి లింక్డ్‌ఇన్‌కే. సైటు సెమిస్టర్ సెలవుల్లో చేసుకుని, లింకు లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌లోని ఫీచర్డ్ అనే విభాగంలో పెట్టండి. ల్యాబ్ డేటా, ఇంకా అచ్చుకాని పేపరు మాత్రం గైడ్‌ని అడక్కుండా రెండింట్లో దేంట్లోనూ పెట్టకండి.