ఎర్ర చుక్క పెట్టిన హరికేన్

ప్లాస్టిక్ విమానం బొమ్మ కిట్ పెట్టె తెరవగానే నేను ముందు రెక్కలు కొలుస్తాను. హరికేన్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం, అసలు దానికి ఈ కొస నుంచి ఆ కొసకి 12.19 మీటర్లు. కిట్ అందులో 72వ వంతు, కాబట్టి 72తో భాగిస్తే 169 మిల్లీమీటర్లు. ముక్కలు టేపుతో కలిపి వెర్నియర్ పెడితే 168.5 వచ్చింది. పళ్లసెట్టులో అరమిల్లీ తేడా వస్తే పేషెంటు మర్నాడే తిరిగొస్తాడు. విమానానికి ఆ బాధ లేదు కాబట్టి పాస్ చేశాను.

నెల్లూరు పొగతోటలో డెంటల్ ల్యాబు పని నాది. కిట్ 1/72 హరికేన్ మార్క్ 2సీ, రెక్కల్లో నాలుగు 20 ఎంఎం ఫిరంగులున్న రకం. తిట్టేవి ఉన్నాయి కాబట్టి కంపెనీ పేరు రాయను. పెట్టె కొత్తదే, లోపలి అచ్చులు మాత్రం బాగా పాతవి. 1,250 రూపాయలు పడింది. బెంగళూరు షాపువాళ్లు ఆరు రోజుల్లో పంపారు, ఒక్క ముక్క కూడా విరగలేదు. వాళ్ల మీద ఫిర్యాదేమీ లేదు.

మొదటి గొడవ తోకవైపు. హరికేన్ వెనక భాగం రేకు కాదు. ఇనుప గొట్టాల చట్రం, దాని మీద సన్నటి చెక్క బద్దలు, పైన బిగించిన గుడ్డ. దగ్గరికెళ్లి చూస్తే బద్దల గీతలు లీలగా కనబడాలి. ఈ కిట్‌లో మాత్రం సిమెంటు రేకుల షెడ్డులాగా మిట్టపల్లాలు పోశారు. అరగదీయడానికి 600 నంబరు వాటర్ పేపరు, తర్వాత 1000. రెండు సాయంత్రాలు దానికే పోయాయి.

ముక్కు కింద దుమ్ము ఫిల్టరు గడ్డంలా వేలాడుతుంది. మన వైపు వేడి దేశాల్లో ఎగిరిన వాటికి పెట్టేవారు. దానికీ రెక్కకీ మధ్య గోరు దూరేంత సందు. ల్యాబులో ఉన్న సెల్ఫ్ క్యూర్ అక్రిలిక్‌తో (పొడీ ద్రవమూ కలిపితే దానంతటదే గట్టిపడేది) పూడ్చాను. మీరూ అలా చేస్తే ద్రవం తక్కువ వాడండి, ఎక్కువైతే ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ఒక మూల అలాగే కరిగించుకున్నాను.

పైలట్ మీద అద్దం సోడాబుడ్డి అడుగంత మందం. లోపల సీటు, కర్ర అన్నీ ఒంకరగా కనబడుతున్నాయి. దాని లోపల డెంటల్ స్టోన్ (పళ్ల అచ్చులకి వాడే గట్టి ప్లాస్టర్) పోసి అచ్చు తీశాను. పళ్ల క్లిప్పులు లాగే వాక్యూమ్ మెషిన్లో అరమిల్లీ మందం పారదర్శక ప్లాస్టిక్ షీటు వేడి చేసి ఆ అచ్చు మీద లాగించాను. సరిగ్గా అప్పుడే పై అంతస్తు డాక్టరు గారు వచ్చారు.

“ఏందబ్బా ఇది, ఇంత పొడుగు దవడ ఎవురిది?”

“విమానానిది సార్.”

ఆయన ఇంకేం అడగలేదు. నాలుగో షీటుకి మడత లేకుండా వచ్చింది.

రంగులు కార్తీకంలో మొదలుపెట్టడం నా బుద్ధి తక్కువ. వాన విడవలేదు, ముదురు మట్టిరంగు ఎనామిల్ నాలుగు రోజులైనా వేలికి అంటుకుంటూనే ఉంది. డెకాల్ కాగితం, అంటే విమానం మీద అంటించే గుర్తుల కాగితం, వచ్చేటప్పటికే పసుపెక్కి ఉంది. అది నయం చేయడం తేలిక: జిప్ కవర్లో పెట్టి, వాన తెరిపిచ్చాక మిద్దె మీద నాలుగైదు రోజులు ఎండ చూపించాను. పసుపు విరిగింది. మా ఇంటావిడ “వడియాలయితే ఈపాటికి తిని కూడా ఉండేవాళ్లం” అంది.

అసలు కోపం గుర్తుల మీద. సూచనల కాగితంలో భారత స్క్వాడ్రన్ అని రాశారు, డెకాల్‌లో మాత్రం వలయం మధ్య ఎర్ర చుక్క పెట్టారు. జపాన్‌తో యుద్ధం నడుస్తుండగానే ఈ వైపు విమానాల మీద ఆ ఎరుపు తీసేశారు. జపాన్‌వాళ్ల గుర్తు ఎర్రటి బిళ్ల కదా, పొరపాటున మనవాళ్లే మనవాళ్లని కాల్చకుండా. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. మద్రాసు ఖాళీ అవుతుంటే మూటలతో రైళ్లు దిగిన జనం గురించి మా అవ్వ చెప్పేది. అలాంటి రోజుల విమానానికి ఎర్ర చుక్కా! 1944లో ఇంఫాల్‌లో, తర్వాత మన వాయుసేనాధిపతి అయిన అర్జన్ సింగ్ నడిపిన భారత నంబర్ 1 స్క్వాడ్రన్ ఎగరేసింది హరికేన్లనే. ఆ ఒక్క మాటా కాగితంలో లేదు.

చుక్క రెండు మిల్లీమీటర్లుంటుంది. దాన్ని కప్పడానికి నేరుగా లేతనీలం వేస్తే కింద ఎరుపు తొంగిచూస్తుంది. అందుకని పళ్లపుల్ల మొనతో ముందు తెలుపు రెండు పూతలు, ఆరాక లేతనీలం. ఇలాంటివి ఆరు. చివరి దానికి చెయ్యి వణికింది, ఎడమ రెక్క కింద ఉంది కాబట్టి బతికిపోయాను.

కొలతలు సరిగా ఉన్న హరికేన్ చాలనుకుంటే ఈ ధరకి తీసుకోవచ్చు. ఆదివారం మొదలుపెట్టి వచ్చే ఆదివారానికి అల్మరాలో పెట్టాలనుకునేవాళ్లు దీని జోలికి రావద్దు. నాకు రెండు నెలలు పట్టింది.

అద్దం అచ్చు ల్యాబులోనే ఉంది. ఈ కిట్ కొన్నవాళ్లెవరైనా పొగతోట వైపు వస్తే అరమిల్లీ షీటు తెచ్చుకోండి, లాగిస్తాను. నాలుగు తెచ్చుకోండి.