సీరియల్ రాసేవారికి సిమ్స్ 2

ఆటలో ఒక కుటుంబాన్ని నడిపిస్తూ, అందులో జరిగినదాన్ని వారానికో భాగంగా కథ రాయడం నాకు ఇష్టమైన పని. కల్పిత మనుషుల జీవితాలను మనం నడిపించే సిమ్స్ కంప్యూటరు ఆటల్లో ఈ పనికి నేను మళ్లీ మళ్లీ వెళ్లేది 2004లో వచ్చిన సిమ్స్ 2 దగ్గరికే.

కారణం జ్ఞాపకాలు. ఇందులో ప్రతి మనిషికీ జ్ఞాపకాల పట్టీ ఒకటి ఉంటుంది. మొదటి ముద్దు, ఉద్యోగం పోవడం, ఇంట్లో చావు, అన్నీ వరుసగా అందులో చేరతాయి. ఏం కావాలనుకుంటున్నారో, దేనికి భయపడుతున్నారో కూడా తెర మీద కనిపిస్తాయి. కోరికలు నాలుగు, భయాలు మూడు. కథ రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? పాత్ర మనసు సగం తెరిచి పెట్టినట్టే.

నా సీరియల్లో ఒక నాయనమ్మ ఉండేది. ఒకరోజు సాయంత్రం పెరట్లో ఆమె ఆయుష్షు తీరింది. తృప్తిగా బతికిన వృద్ధులకు ఈ ఆటలో చావు ఘనంగా వస్తుంది: మృత్యుదేవుడి వెంట హవాయి దీవుల హులా నాట్యం చేసేవారు దిగుతారు, ఆమె పెట్టె పట్టుకుని ప్రయాణానికి వెళ్లినట్టు వెళ్లిపోతుంది. మర్నాడు మనవడు బడికి వెళ్లాడు. బస్సు తిరిగి వచ్చి ఆగగానే ఆట ఆపి, ఫొటో తీశాను. పసుపు బస్సు, దిగుతున్న పిల్లవాడు, వెనుక పెరట్లో కొత్త సమాధి. ఆ భాగాన్ని అక్కడే ముగించాను. ఆ మరుసటి రోజు అన్నం తింటుండగా వాడి తల మీది బుడగలో నాయనమ్మ ముఖం కనిపించింది. ఆ బుడగ నేను కల్పించింది కాదు. తరువాతి భాగమంతా దాని మీదే రాశాను.

మాటలు మాత్రం మనమే రాసుకోవాలి. వాళ్లు మాట్లాడే సిమ్లిష్ అనే కల్పిత భాషకు అర్థం లేదు, వినిపించేది గొంతులోని భావమే. నాకిది లోటుగా అనిపించదు. ఇద్దరు గొడవపడటం ఆట చూపిస్తుంది, ఎందుకో చెప్పవలసింది రచయిత. మొదట్లో నేను వంట, స్నానం, నిద్ర కూడా వదలకుండా రాశాను, అది దినచర్య అయింది తప్ప కథ కాలేదు. ఇప్పుడు ఆటలో వారం రోజులు నడిస్తే అందులో రెండు మూడు ఘట్టాలే ఉంచుకుంటాను.

ఫొటోలకు సి మీట నొక్కితే చాలు, అవి ఆ కుటుంబం ఆల్బంలో చేరతాయి. అక్కడే కింద వ్యాఖ్య రాసుకోవచ్చు. గోడలు పైకి లేపి తీయడం మరచిపోవద్దు, లోపల కనిపించడానికి ఆట సగానికి కోసి చూపే గోడలుంటే అది ఇల్లనిపించదు.

జాగ్రత్త పడవలసింది వయసుల విషయంలో. ఆడుతున్న ఇంట్లోనే కాలం నడుస్తుంది. పక్కింటి స్నేహితుడు బాలుడిగానే ఉండగా మనవాడికి మీసాలు వస్తాయి. అందుకే నేను ఒక్కో ఇంటిని ఇన్ని రోజులని వంతులు వేసుకుని, నోటుపుస్తకంలో రాసుకుంటాను. సిమ్స్ 3లో ఊరంతా ఒకేసారి కదులుతుంది కాబట్టి ఈ బెడద లేదు. సిమ్స్ 4 మూల ఆట 2022 అక్టోబరు నుంచి ఉచితం, కొత్తగా మొదలుపెట్టేవారికి అది సులువు. నేను మాత్రం ఆ జ్ఞాపకాల పట్టీని వదులుకోలేను. 2025 జనవరిలో సిమ్స్ 2ను ఇప్పటి కంప్యూటర్ల కోసం మళ్లీ విడుదల చేశారు కూడా.

మనవడికి ఇప్పుడు కూతురు పుట్టింది. ముక్కు అచ్చం నాయనమ్మదే. 24వ భాగం ఆ ముక్కు దగ్గర మొదలవుతుంది.