పల్లె కౌన్సిల్ జెండా: కోట్ ఆఫ్ ఆర్మ్సా, ఒక్క బొమ్మా, పేరులోని అక్షరమా... ఏది మేలు?

దేశాల జెండాల గురించి మాట్లాడేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, పల్లె కౌన్సిళ్ళ జెండాలని మాత్రం ఎవరూ పట్టించుకోరు, నాకేమో అవే ఎక్కువ ఇష్టం. దేశం జెండా ఊరికే మారదు కదా, కౌన్సిల్ అలా కాదు, పక్కదాంతో కలిపేస్తారు, మళ్ళీ విడదీస్తారు, పేరు మార్చేస్తారు, ప్రతిసారీ చిహ్నం కథ మొదటికొస్తుంది. ఆ మార్పుల్లో ఏ రకం జెండా తట్టుకుని నిలబడుతుంది అన్నదే నా ప్రశ్న. ఇంగ్లాండ్, నార్వే, జపాన్ మూడూ మూడు దారులు పట్టాయి, వాటినే పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు ఇంగ్లాండ్. 1894 చట్టంతో అక్కడ రూరల్ డిస్ట్రిక్ట్ కౌన్సిళ్ళు, అంటే పల్లె ప్రాంతాల పాలన చూసే కౌన్సిళ్ళు వచ్చాయి, వాటిలో కొన్ని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ (చిహ్నాలు మంజూరు చేసే సంస్థ) దగ్గర పద్ధతిగా కోట్ ఆఫ్ ఆర్మ్స్ తీసుకున్నాయి. అంటే మధ్యలో డాలు, దాని మీద శిరస్త్రాణం, దాని పైన ఇంకో బొమ్మ, కొన్నిటికైతే అటూ ఇటూ డాలుని పట్టుకున్న జంతువులు, కింద రిబ్బన్ మీద ఒక నినాదం. లెటర్‌హెడ్ మీద భలే దర్జాగా ఉంటుంది, ఒప్పుకుంటా. అదే మొత్తాన్ని ఒక గుడ్డ మీద వేసి స్తంభానికి కడితే కింద నిలబడ్డవాడికి రంగురంగుల మరక తప్ప ఏమీ కనపడదు, నినాదం వెనక వైపు నుంచి తిరగబడి కనిపిస్తుంది, దాన్ని సరిచెయ్యాలంటే రెండు పొరలు కుట్టాలి, అప్పుడు జెండా బరువెక్కి చిన్న గాలికి లేవదు.

చూపు సంగతి పక్కన పెట్టినా హక్కుల సంగతి ఇంకా పెద్దది. ఆ చిహ్నం కౌన్సిల్ సొంత ఆస్తి, ఊరి జనానిది కాదు. 1954లో మాంచెస్టర్ నగరపాలక సంస్థ చిహ్నాన్ని ఒక థియేటర్ కంపెనీ వాడుకుందని కేసు వేస్తే రెండొందల ఏళ్ళకి పైగా ఒక్కసారీ కొలువు తీరని కోర్ట్ ఆఫ్ షివల్రీ (ఇలాంటి చిహ్నాల తగాదాలు చూసే కోర్టు) ఆ ఒక్క కేసు కోసం మళ్ళీ కూర్చుని నగరం వైపే తీర్పిచ్చింది. అది నగరం సంగతే, కానీ పల్లె కౌన్సిళ్ళకీ చట్టం అదే. ఇక 1974 ఏప్రిల్ 1న రూరల్ డిస్ట్రిక్టులన్నీ రద్దయ్యాయి, పాత చిహ్నం కొత్త కౌన్సిల్‌కి దానంతట అది రాదు, ప్రివీ కౌన్సిల్ (రాజుకో రాణికో సలహాలిచ్చే మండలి) నుంచి విడిగా ఆర్డర్ రావాలి. పొలాలు, చర్చిలు, మనుషులు అందరూ అక్కడే ఉన్నారు, గుర్తు మాత్రం దిక్కులేనిదైంది. నాకు బాధ కలిగించేది ఇదే.

నార్వే పద్ధతి చూస్తే ప్రాణం లేచొస్తుంది. 1930ల నుంచి హాల్వార్డ్ ట్రెట్టెబర్గ్ అనే చిహ్నాల చిత్రకారుడు పట్టుబట్టి నిలబెట్టిన పద్ధతి ఒకటుంది, రెండే రంగులు, అందులో ఒకటి బంగారం లేదా వెండి (గుడ్డ మీద పసుపు లేదా తెలుపు), బొమ్మ వీలైనంత సింపుల్‌గా. డాలు మీద ఏముందో అదే గుడ్డ అంచు నుంచి అంచు దాకా పరిస్తే అదే జెండా, ఇక వేరే డిజైన్ అక్కర్లేదు. కారాషోక్‌కి మూడు మంటలు, కౌటోకెయినోకి అక్కడి ఉత్తరాది మూలవాసులైన సామీ జనం గుడారం, టిస్‌ఫ్యోర్డ్‌కి లాబ్‌స్టర్. పక్కనే ఫిన్లాండ్‌లో ఇనారికి నల్ల గుడ్డ మీద వెండి చేప, దాని తలకి బంగారు రెయిన్‌డీర్ కొమ్ములు! ఫోన్‌లో ఒక్క ముక్కలో చెప్తే అవతలివాళ్ళు గీసేయగలరు, మంచి జెండాకి నేను పెట్టే పరీక్ష ఇదొక్కటే.

దీనికీ లోటుంది, దాచను. ఒక్క బొమ్మ ఒక్క చోటుకే సరిపోతుంది. 2020 జనవరి 1న నార్వేలో కౌన్సిళ్ళని కలిపి 356కి తగ్గించినప్పుడు టిస్‌ఫ్యోర్డ్‌ని రెండు ముక్కలు చేసి ఒకటి నార్విక్‌లో, ఇంకోటి హమారోయ్‌లో కలిపారు, లాబ్‌స్టర్‌కి కౌన్సిల్ లేకుండా పోయింది. మూడు ఊళ్ళు కలిస్తే ఎవరి బొమ్మ ఉంచాలి అన్న గొడవకి తేలికైన జవాబు లేదు, అందరిదీ పెడదాం అంటే మళ్ళీ మరకే.

జపాన్‌ది మూడో దారి. పేరులోని అక్షరాన్ని వంచి, చుట్టి, గుండ్రంగానో పక్షిలానో చేసి ఒకే రంగు గుడ్డ మధ్యలో పెడతారు. చౌకగా అచ్చు వేసుకోవచ్చు, దూరం నుంచి కూడా శుభ్రంగా కనిపిస్తుంది. కానీ బయటివాడికి అది ఏదో కంపెనీ గుర్తులా ఉంటుంది, ఆ నేల గురించి ఒక్క కబురూ చెప్పదు. పైగా పేరు మీద నిలబడ్డ గుర్తు పేరుతోనే పోతుంది. 1999లో 3,232 ఉన్న మున్సిపాలిటీలు 2010 మార్చికి 1,727 అయ్యాయి, అందులో గ్రామాలైతే 568 నుంచి 184కి పడిపోయాయి, అన్ని పేర్లతో పాటు ఎన్ని అక్షరాల గుర్తులు బీరువాల్లోకి వెళ్ళాయో ఆలోచించండి.

నా ఓటు నార్వేకే, కానీ ఒక షరతు మీద, కౌన్సిల్ ఆ జెండాని జనానికి వదిలెయ్యాలి. ఇది వట్టి ఊహ కాదు, ఇంగ్లాండ్‌లోనే ఉత్తరాన ఉన్న నార్తంబర్లాండ్ కౌంటీ చేసి చూపించింది. అక్కడి కౌంటీ కౌన్సిల్‌కి 1951లో చిహ్నం వచ్చింది, డాలు మీద ఎరుపు, బంగారు నిలువు పట్టీలు, పై సగంలో ఉన్న రంగులు కింద సగంలో తారుమారై ఉంటాయి. ఆ ప్రాంతాన్ని ఏడో శతాబ్దంలో ఏలిన రాజు ఓస్వాల్డ్ సమాధి మీద ఊదా, బంగారు రంగుల జెండా వేలాడేదని బీడ్ అనే పాతకాలపు సన్యాసి, చరిత్రకారుడు రాసిన మాట దానికి మూలం. శిరస్త్రాణం, నినాదం ఏమీ తగిలించకుండా ఆ పట్టీలనే జెండాగా ఎవరైనా ఎగరేసుకోవచ్చని 1995లో కౌన్సిల్ ఒప్పుకుంది. 2009లో దాని కింద ఉన్న ఆరు డిస్ట్రిక్ట్ కౌన్సిళ్ళు ఒక్కరోజులో రద్దయ్యాయి, వాటి చిహ్నాలూ పక్కకి పోయాయి, ఎరుపు పసుపు పట్టీలు మాత్రం ఈ రోజుకీ అక్కడి ఇళ్ళ ముందు ఎగురుతున్నాయి.