బారీ ఫిట్జెరాల్డా, మెక్‌కార్మికా?

ఐర్లాండ్‌లోని డబ్లిన్ అబ్బే థియేటర్ నటులు అనగానే అందరూ బారీ ఫిట్జెరాల్డ్ పేరే చెప్తారు, నా ఓటు మాత్రం ఎఫ్.జె. మెక్‌కార్మిక్‌కే. ఇద్దరివీ స్టేజీ కోసం పెట్టుకున్న పేర్లే, ఇద్దరూ గవర్నమెంటు ఉద్యోగం చేసినోళ్ళే. 1924లో ఆడిన, షాన్ ఓకేసీ రాసిన 'జూనో అండ్ ద పేకాక్' నాటకంలో బారీ కెప్టెన్ బాయిల్, పని మాటెత్తితే చాలు కాళ్ళ నొప్పులొచ్చేస్తాయి, మెక్‌కార్మిక్ ఏమో అతని వెనకే తిరుగుతూ మందు పోయించుకునే జాక్సర్, చివర్లో సామానంతా పోయిన ఖాళీ గదిలోకి ఇద్దరూ తూలుతూ వస్తారు, అక్కడ నవ్వాలో ఏడవాలో తెలీదు. కామెడీలో బారీనే తోపు, ఒప్పుకుంటా. 1929 దాకా ఉద్యోగం చేస్తూనే నాటకాలాడాడు, తర్వాత హాలీవుడ్‌కి వెళ్ళి ఆస్కార్ కొట్టాడు. మెక్‌కార్మిక్ మాత్రం 1918లో చేరి 1947లో చనిపోయేదాకా అబ్బే మనిషిగానే ఉన్నాడు, అందుకే నాకంత ఇష్టం.