ఫిజిక్స్ పుస్తకాల పెన్‌డ్రైవ్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు వైపు డిగ్రీ చదివే పిల్లలున్న వాళ్ల కోసం రాస్తున్నాను. "ఎక్కడా దొరకని ఫిజిక్స్ మహాగ్రంథాలు" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో ఒక పెన్‌డ్రైవ్ అమ్ముతున్నారు. బీఎస్సీ చదివే మా అమ్మాయి కోసం 1,200 రూపాయలు కట్టి తెప్పించాం. దయచేసి మీరు కొనకండి.

ఎక్కడా దొరకవన్న మాట పచ్చి అబద్ధం. 1704 నాటి న్యూటన్ 'ఆప్టిక్స్', కాంతి మీద హైగెన్స్ రాసిన పుస్తకం, సాపేక్షత గురించి మామూలు పాఠకుల కోసం ఐన్‌స్టైన్ రాసిన చిన్న పుస్తకం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల సైట్‌లో ఉన్నాయి. విద్యుత్తు, అయస్కాంతత్వాల మీద మాక్స్‌వెల్ 1873లో వేసిన గ్రంథం రెండు సంపుటాలూ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో ఉన్నాయి. సాపేక్షత మీద ఐన్‌స్టైన్, గణితవేత్త మింకోవ్‌స్కీ రాసిన పేపర్లను మన శాస్త్రవేత్తలు మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఇంగ్లీషులోకి తెచ్చి 1920లో కలకత్తాలో అచ్చు వేయించిన పుస్తకం కూడా అక్కడే దొరుకుతుంది. పిల్లలు చూడాల్సిన పుస్తకం అది.

పాత పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేసి, కాగితం ఖర్చు తీసుకుని అమ్మితే తప్పేం లేదు. వీళ్లు పంపినవి మాత్రం పాడైన కాపీలు. మాక్స్‌వెల్ పుస్తకంలో బలరేఖల (విద్యుత్తు, అయస్కాంత బలం ఏ దిశలో ఉందో చూపే గీతల) పటాలు అసలు లేవు. ఆ పటాలు చూస్తేనే కదా క్షేత్రం (ఆ బలం పనిచేసే ప్రదేశం) అంటే ఏమిటో కళ్లకు కట్టేది! న్యూటన్‌లో పేజీల అంచులు తెగిపోయి సగం బొమ్మలు కనబడవు. అమెరికా శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఫిజిక్స్ లెక్చర్లు కూడా పీడీఎఫ్‌గా పెట్టారు. అవి మూడు సంపుటాలూ అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయం వారి సైట్‌లోనే ఉచితంగా చదువుకోవచ్చు, కాపీరైట్ మాత్రం ఇంకా ఉంది. ఈ పీడీఎఫ్ అమ్మకం దొంగసరుకే.

ఇంతకంటే టెన్షన్ పెట్టింది ఇంకోటి ఉంది. కొన్ని ఫైళ్లు తెరవాలంటే వాళ్లిచ్చిన యాప్ ఫోన్‌లో వేసుకోవాలట. అది కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు చూసే అనుమతి అడిగింది. పుస్తకం చదవడానికి ఎస్సెమ్మెస్‌లతో పనేంటి? ఆ అనుమతి ఇస్తే మన బ్యాంకు ఓటీపీలు వాళ్లు చదివేయొచ్చు. మేం యాప్ వేయలేదు. డబ్బు వెనక్కి ఇవ్వమని అడగ్గానే నంబరు బ్లాక్ చేశారు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఆ యాప్ ఉంటే వెంటనే తీసేసి, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చుకోండి. చెల్లింపు స్క్రీన్‌షాట్, వాళ్ల మెసేజీలు చెరిపేయకండి. మోసానికి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, వస్తువు గురించి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. పుస్తకాలు ఎలా దించుకోవాలో తెలియకపోతే నన్ను అడగండి, లింకులు పంపుతాను.