స్లీవ్ ఆపరేషన్‌తో ఏళ్లు గడిచాక: అన్నం తగ్గింది, జంతికల సంగతే వేరు

బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్లలో ఇప్పుడు ఎక్కువగా వినబడేది స్లీవ్. జీర్ణాశయానికి ఎడమవైపు ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని, అంటే దాదాపు 75 నుంచి 80 శాతాన్ని, కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే కాబట్టి మొదటి నెలల్లో ఆకలన్నదే తెలియదు. చాలామంది దీన్ని చూసే ఆపరేషన్‌ను మెచ్చుకుంటారు. విశాఖ ఉక్కపోతలో, మన ఇళ్ల వంటలతో ఏళ్ల తరబడి దీనితో బతికాక నా అభిప్రాయం వేరు. స్లీవ్ పళ్లెంలో అన్నాన్ని గట్టిగా ఆపుతుంది. డబ్బాలో జంతికల్ని మాత్రం ఆపలేదు. ఆ పని మనం చేసుకోవాల్సిందే, దానికి సరైన సమయం ఆకలి లేని ఆ మొదటి ఏడాదే.

ముందు కోలుకోవడం సంగతి. మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లు, పలుచటి మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు మాత్రమే. ఒక్కో విడతకు 30 మి.లీ., అంటే 10 మి.లీ. మందు మూతతో మూడుసార్లు. గ్లాసుతో తాగితే ఎంత పోయిందో తెలియదు, ఛాతీ మధ్యలో పట్టేసినట్టు నొప్పి వస్తుంది. ఆ తర్వాత రెండో వారం చివరిదాకా పాలు, మజ్జిగ, ప్రోటీన్ పొడి లాంటి ద్రవాలే. ఇక్కడ మన ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. బలమని రోజంతా రాగి జావే పోస్తారు. జావలో పడే 20 గ్రాముల పిండిలో ప్రోటీన్ ఒకటిన్నర గ్రాములకు మించదు. పూటకు ఒక జావ చొప్పున తాగితే పొట్ట నిండుతుంది, కండ కరుగుతుంది. జావ ఒక్కసారి చాలు, మిగతా విడతలు పాలకూ ప్రోటీన్ పొడికీ ఇవ్వాలి. పొడిని వేడి పాలలో వేస్తే ఉండకడుతుంది. గోరువెచ్చటి పాలలో ముందు రెండు చెంచాలతో పేస్టులా కలిపి, తర్వాత మిగతావి పోయాలి.

మూడు, నాలుగు వారాల్లో మెదిపినవి తినొచ్చు. మెత్తటి పప్పు, గిలక్కొట్టిన పెరుగు, నలిపిన గుడ్డు, ముళ్లు తీసి చిదిపిన చేప. ఐదు, ఆరు వారాల్లో ఇడ్లీ, పనీర్ లాంటి మెత్తటివి. ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటాకే మామూలు వంట. మీ సర్జన్ ఇచ్చిన చీటీలో రోజులు కొంచెం అటూఇటూగా ఉంటే చీటీనే పాటించండి. తొందరపడకూడదని చెప్పడానికి కారణం ఉంది. పొట్ట పొడవునా పిన్నులు కొట్టిన కుట్టు ఉంటుంది. గట్టి ముద్ద వెళ్లి వాంతి అయితే ఆ ఒత్తిడంతా కుట్టు మీదే పడుతుంది.

మూడో వారంలో బరువు తూకం కదలకుండా ఆగిపోవడం దాదాపు అందరికీ జరిగేదే. ఆపరేషన్ ఫెయిలయిందని కంగారుపడి తిండి ఇంకా తగ్గించకండి. కంగారుపడాల్సినవి వేరే ఉన్నాయి. నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఎడమ భుజంలోకి పాకే నొప్పి, ఆయాసం, తగ్గకుండా పెరిగే కడుపునొప్పి, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూడకూడదు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. అది దూరమైతే దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్లి, స్లీవ్ అయిందని మొదటి మాటగానే చెప్పాలి. షుగర్, బీపీ మాత్రలు వాడేవారు పాత మోతాదు అలాగే మింగకూడదు. తిండి తగ్గిన వారంలోనే షుగర్ పడిపోతుంది, మోతాదు డాక్టరే తగ్గించాలి.

నీళ్ల విషయంలో విశాఖవాసులకు ఇబ్బంది ఎక్కువ. ఇక్కడ ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊరికే కూర్చున్నా చొక్కా తడిసిపోతుంది. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు లోపలికి వెళ్లాలి, కానీ ఒక్కసారి గటగటా తాగే వీలుండదు. పైగా తింటూ తాగకూడదు, తిన్నాక కనీసం అరగంట ఆగాలి. ఈ రెండు నియమాలు కలిస్తే రోజులో తాగడానికి మిగిలేది కొంత సమయమే, అందుకే సీసా చేతికి అందుబాటులో ఉండాలి. అర లీటరు సీసాలు మూడు పొద్దున్నే నింపి పెట్టుకుంటే సాయంత్రానికి లెక్క తెలుస్తుంది. లేవగానే తల తిరగడం, మూత్రం చిక్కటి పసుపు రంగులో రావడం కనిపిస్తే ఆ రోజు తిండికన్నా నీళ్లే ముఖ్యం. నడకకు మాత్రం మన ఊరిని మించింది లేదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు, నేల చదునుగా ఉంటుంది, కూర్చోవాలంటే గట్టు ఉంది. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. మొక్కు ఉన్నా, నీళ్లు సరిగా తాగడం అలవాటయ్యే వరకు దాన్ని వాయిదా వేసుకోండి.

ఇక పళ్లెం. తినే వరుస మారాలి. ముందు ప్రోటీన్, తర్వాత కూర, చోటుంటే అన్నం. మనకు అన్నంలో కలుపుకోవడం అలవాటు కాబట్టి ఇది చాలా కష్టంగా ఉంటుంది. కూరను కంచంలో కాకుండా చిన్న స్టీలు గిన్నెలో వేసుకుని చెంచాతో తినడం అలవాటైతే సగం గొడవ పోతుంది. కోనాం చేప ముక్క, ఉడికాక 60 గ్రాములు తూగేది తీసుకోండి. పులుసులో ఉడికినది పొరలు పొరలుగా విడిపోతుంది. చెంచా కొనంత తీసుకుని, నోట్లో పూర్తిగా మెత్తబడేదాకా నమిలి మింగి, చెంచా కిందపెట్టి, ఒక నిమిషం ఆగి ఇంకో చెంచా తీసుకోవాలి. అలా తింటే ఆ ముక్కకు ఇరవై నిమిషాలు పడుతుంది, 13 గ్రాముల దాకా ప్రోటీన్ అందుతుంది. అదే ముక్క కరకరలాడేలా వేయిస్తే పీచులాగా అయి సగంలోనే అడ్డంపడుతుంది. చికెన్‌లో ఛాతీ ముక్కకన్నా తొడ ముక్క, దానికన్నా కైమా సులువు. నెత్తళ్లు బాగుంటాయి కానీ మొదటి ఆరు నెలల్లో ముళ్లతో రిస్కు వద్దు.

కడుపు నిండిందని తెలిసే తీరు కూడా మారిపోతుంది. పాత రోజుల్లాగా పొట్ట బరువెక్కదు. ఒక్క వెక్కిలి వస్తుంది, లేదా ఉన్నట్టుండి ముక్కు కారుతుంది, తుమ్ము వస్తుంది. కొందరికి పెద్ద నిట్టూర్పు వస్తుంది. అది వచ్చిన ముద్దే ఆఖరిది కావాలి. దాని మీద ఇంకొక్క ముద్ద పడితే ఛాతీలో బిగుతు, నోటినిండా నురగలాంటి ఉమ్మి, ఆపైన వాంతి. అప్పుడు నీళ్లు తాగి దించాలని చూస్తే దిగదు, పైకే పొంగుతుంది. సోడా అస్సలు వద్దు. లేచి నిలబడి మెల్లగా నడవాలి, ఉమ్మి వస్తే ఉమ్మేయాలి, చాలాసార్లు అరగంటలో సర్దుకుంటుంది. ఎక్కువగా అడ్డంపడేవి చపాతీ, మెత్తటి బ్రెడ్డు, ఆరిపోయిన అన్నం. చపాతీ, బ్రెడ్డు లోపల తడిసి పిండిముద్దలా ఉబ్బుతాయి. పలుచటి పెసరట్టు మాత్రం బాగా దిగుతుంది, అందులో పెసల ప్రోటీన్ కూడా ఉంది. ఉప్మా లేకుండా తినండి.

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ ఎలా అందుతుందో ఒక లెక్క చెబుతాను. పొద్దున 200 మి.లీ. పాలలో ఒక చెంచాడు ప్రోటీన్ పొడి (డబ్బాలో వచ్చే పెద్ద చెంచా) వేస్తే 26, తర్వాత గుడ్డు 6, మధ్యాహ్నం చేప 13, సాయంత్రం 20 గ్రాముల వేయించిన శనగలు 4, రాత్రి 50 గ్రాముల పనీర్ 9, 100 గ్రాముల పెరుగు 3. మొత్తం 61. శాకాహారులు చేప బదులు 25 గ్రాముల ఎండు సోయా ముక్కల్ని నానబెట్టి, పిండి, చిన్నగా తరిగి కూర చేసుకుంటే 13 గ్రాములు వస్తాయి. వంటింట్లో గ్రాముల త్రాసు తప్పకుండా ఉండాలి. కంటి అంచనా మొదటి నెలల్లో ఎక్కువ చూపిస్తుంది, రెండో ఏడాది తక్కువ చూపిస్తుంది.

అసలు సమస్య రెండో ఏడాదిలో మొదలవుతుంది. ఆకలి మెల్లగా తిరిగొస్తుంది. ఏడాది, ఏడాదిన్నర దాకా జోరుగా దిగిన బరువు నిలబడిపోతుంది, కొంచెం పెరగడం మామూలే. అప్పుడు చేప ముక్క సగంలో ఆపేస్తున్నవారు కూడా జంతికల డబ్బా పూర్తిగా ఖాళీ చేయగలరు. ఇందులో వింత ఏమీ లేదు. జంతిక, చేగోడీ, కారప్పూస, బిస్కెట్ నోట్లోనే ఉమ్మితో కలిసి పేస్టయి జారిపోతాయి, గొట్టంలో నిలవవు. నిలవకపోతే నిండినట్టు కబురు అందదు. 100 గ్రాముల జంతికల్లో దాదాపు 500 కేలరీలు ఉంటాయి. బీచ్‌లో మూరి మిక్చర్ పొట్లం కూడా అలాగే జారిపోతుంది, చూడటానికి గాలి, మాట్లాడుతూ నడుస్తుంటే ఎప్పుడు అయిపోయిందో తెలియదు. ఐస్‌క్రీమ్, మాడుగుల హల్వా ఇంకా సులువుగా జారతాయి. గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపే ఇంకో బరువు తగ్గించే ఆపరేషన్) అయినవారికి తీపి తింటే పది, ఇరవై నిమిషాల్లో గుండెదడ, చెమట, విరేచనం వచ్చి గట్టిగా బెదిరిస్తుంది. స్లీవ్‌లో ఆ కాపలా అంత నమ్మకంగా ఉండదు. అయితే తీపి తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య షుగర్ పడిపోయి వణుకు రావడం స్లీవ్ వాళ్లకీ ఉంటుంది. దాన్ని నీరసం అనుకుని మళ్లీ తీపే తింటే రోజంతా అదే తిరగలి. గ్లూకోమీటర్‌తో ఒకసారి చూసి, డాక్టర్‌కు ఆ అంకె చెప్పాలి. భోజనంలో తీపి తీసేసి ప్రోటీన్ పెంచితే చాలామందికి తగ్గుతుంది.

చిరుతిండి మానేస్తానని ఒట్టు పెట్టుకుంటే నిలవదు. సాయంత్రం నాలుగు, ఐదు మధ్య ఒక విడత నిజంగానే పెట్టుకోవాలి. ముందే తూచిన శనగలో, ఉడికించిన పల్లీలో, గుడ్డో. కూర్చుని, టీవీ లేకుండా, గిన్నెలోంచి తినాలి. డబ్బాలోంచి చేత్తో తీసుకుని తినడం ఒక్కటీ ఆపితే మిగతా సగం దానంతటదే ఆగుతుంది. ఇంట్లో పిల్లలున్నారు, వాళ్లకు జంతికలు కావాలి, అది వాళ్ల హక్కు. ఆ డబ్బా మీ చేతికి అందని అరలో ఉండాలి, తీసిచ్చేది ఇంకొకరై ఉండాలి. మనసుకు తినాలనిపించేది దిగులుతోనో, అలసటతోనో, ఊసుపోకో అని గమనిస్తే మంచిది. అది వారాల తరబడి పోకపోతే డైటీషియన్ దగ్గర ఆగిపోకుండా మానసిక వైద్యుల్ని కలవండి. ఇందులో నామోషీ పడాల్సింది ఏమీ లేదు. తిండి చుట్టూ ఏళ్లుగా అల్లుకున్న ఓదార్పును కత్తి తీయలేదు.

పెళ్లిళ్లలో బంతి భోజనం కష్టం, బఫే సులువు. బంతిలో కూర్చుంటే విస్తరిలో వడ్డించేస్తారు, వదిలేస్తే వడ్డించినవాళ్లు నొచ్చుకుంటారు. "డైటింగ్" అన్న మాట అక్కడ పనిచేయదు, ఇంకో గరిటె పడుతుంది. "అత్తయ్యగారూ, పొట్ట ఆపరేషన్ అయింది, రెండు ముద్దలకే నిండిపోతుంది, పప్పు మాత్రం వేయండి" అని చెబితే ఆవిడే మిగతావాళ్లని ఆపుతారు. ఆపరేషన్ సంగతి చెప్పడం ఇష్టం లేనివారు "గ్యాస్ట్రిక్ ట్రబుల్" అంటే సరిపోతుంది. సంక్రాంతికి అరిసె పూర్తిగా మానక్కర్లేదు. పావు ముక్క, భోజనం ముగిశాక, అదొక్కటే.

స్లీవ్‌కు నేను తక్కువ మార్కులు వేసేది గొంతుమంట విషయంలో. గొట్టంలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి పులిత్రేన్పులు, రాత్రి నోట్లోకి పులుపు రావడం కొత్తగా మొదలయ్యేవారు ఎక్కువే. ఆపరేషన్‌కు ముందే తీవ్రంగా మంట ఉన్నవారు బైపాస్ గురించి సర్జన్‌ను గట్టిగా అడగాలి. మొదటి నెలల్లో యాసిడ్ తగ్గించే మాత్ర తప్పదు. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు, మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు, గోంగూర, ఆవకాయ పగటిపూటకే. మంట లేకపోయినా రెండు, మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చేయించుకోవడం మంచిది. ఒంటినొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, పారాసిటమాల్ వాడండి.

మూడో, నాలుగో నెలలో జుట్టు రాలుతుంది. అది వేగంగా బరువు తగ్గిన దెబ్బ, నూనెలతో ఆగదు. ప్రోటీన్, ఐరన్ సరిగా ఉంటే కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తుంది. బరువు జోరుగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు కూడా పడతాయి. అందుకే ఆరు నెలల పాటు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ రాస్తారు, మధ్యలో ఆపకండి. ఆడవాళ్లు గర్భం కనీసం ఏడాది, ఏడాదిన్నర వాయిదా వేసుకోవాలి.

విటమిన్లు బతికినంత కాలం. మల్టీవిటమిన్, బీ12, డీ, ఐరన్, కాల్షియం. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బీ1 అడుగంటి చూపు, నడక తడబడతాయి. అలాంటప్పుడు సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (బీ1 అంటే ఇదే) ఇవ్వమని పక్కనున్నవాళ్లు అడగాలి, ఎందుకంటే థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. రక్త పరీక్షలు 3, 6, 12 నెలలకు, తర్వాత ఏడాదికోసారి. ఐరన్, కాల్షియం కలిపి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు, మధ్య రెండు గంటలు ఉండాలి. టీకి కూడా అదే లెక్క. కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మి.గ్రా., ఒక్కసారి 500కు మించకుండా విడగొట్టి, సిట్రేట్ రకం. పొట్టలో ఆమ్లం తగ్గినవారికి కార్బోనేట్ సరిగా ఒంటపట్టదు. చీటీలో సిట్రేట్ అని ఉన్నా కౌంటర్‌లో చేతికొచ్చేది కార్బోనేట్ కావచ్చు, డబ్బులిచ్చే ముందు అట్ట తిప్పి చదవండి.