తోకచుక్కా, హ్యారీ పోటరా?

ఒంగోలులో మా మేనల్లుడు హ్యారీ పోటర్ తీస్తే చాలు, దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ ముందు అదెంత అంటారు మా బావ. 1954లో చందమామలో మొదలైన సీరియల్ అది. పొట్టి వాక్యాలు, పరుగెత్తే కథ. ప్రాణం మీదికొచ్చిన చోట ‘ఇంకా ఉంది’. చదివించడంలో దాసరిదే పైచేయి. కాకపోతే ఆయన వీరులు సాహసాలు చేస్తారు గానీ పెద్దగా మారరు.

హ్యారీ పోటర్ రాసిన రౌలింగ్ వచనం మామూలే, తర్వాతి భాగాల్లో సాగదీత కూడా. కానీ 1997 నాటి తొలి పుస్తకంలో ఆ అద్దం చూడండి! మనసులోని కోరిక చూపించే అద్దంలో అనాథ పిల్లాడికి చనిపోయిన అమ్మానాన్నలు కనిపిస్తారు. రాత్రుళ్లు దొంగచాటుగా వెళ్లి దాని ముందే కూర్చుంటాడు. పిల్లల కథలో అంత దిగులు ఇమడ్చడం తేలిక కాదు. నా ఓటు దానికే. బావకు ఇంకా చెప్పలేదు.